గుమ్మం కొలిచాకే బార్: అద్దె ఇంట్లో పులప్స్ కేసు ఒకటి

సైన్యంలో 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. అందులో చివరి ఆరేళ్లు పీటీ ఉస్తాద్ పనే, అంటే జవాన్లకు వ్యాయామం నేర్పడం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఉంటూ ఆర్మీ భర్తీ ర్యాలీలకు వెళ్లే కుర్రాళ్లకు రన్నింగ్, బీమ్ నేర్పిస్తున్నాను. బీమ్ అంటే ర్యాలీలో పెట్టే పులప్స్ పరీక్ష, గొట్టానికి వేలాడి గడ్డం దాన్ని దాటేలా పైకి లాగాలి. మిగిలిన టైంలో ఇళ్లకు వెళ్లి వ్యాయామం చేయిస్తుంటాను. "సార్, ఇంట్లోకి ఏ పులప్ బార్ కొనమంటారు?" అని వారానికి ఒక్కరైనా అడుగుతారు. ముందు మీ గుమ్మం ఫొటో పంపండి అంటాను. చాలామందికి అది జవాబు దాటేసినట్టు అనిపిస్తుంది. ఈ కేసు చదివితే ఎందుకు అడుగుతానో తెలుస్తుంది.

కుర్రాడికి 19 ఏళ్లు. టెక్కలి దగ్గర పల్లెటూరు. బోడుప్పల్‌లో అన్నా వదినల దగ్గర ఉంటూ ఒక కొరియర్ గోడౌన్‌లో పని చేస్తున్నాడు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్ష రాశాడు. 2023 నుంచి పరీక్ష ముందు, ర్యాలీ తర్వాత అయింది. దీంతో వచ్చిన తంటా ఏమిటంటే, కుర్రాళ్లు పరీక్ష పేరు చెప్పి మైదానం మానేస్తారు. రిజల్ట్ చూసుకుని పరుగెత్తుకొచ్చేసరికి ర్యాలీకి కొన్ని వారాలే మిగులుతాయి. ఇతనూ అలాగే వచ్చాడు. 1600 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాడు, అంటే దానికి 60 మార్కులు పూర్తిగా వచ్చేస్తాయి. బీమ్ మాత్రం 4 దగ్గర ఆగిపోయాడు. ర్యాలీలో 10 తీస్తే 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. ఆరు కూడా తీయలేకపోతే అక్కడికక్కడే ఇంటికి.

పులప్స్ వారానికి రెండు రోజులు మైదానానికొచ్చి చేస్తే అంత త్వరగా పెరగవు. రోజూ కొంచెం కొంచెంగా, అలసిపోకుండా చేయాలి. అతను గోడౌన్ నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి 9 అవుతుంది. పార్కులో బార్లు ఉన్నాయి కానీ అప్పటికి గేటు మూసేస్తారు, పైగా వానాకాలం. అందుకే ఇంట్లోనే బార్ ఉండాలన్నాను. ఆ మాట అనడం వరకే నా పని అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

మూడో రోజు ఉదయం ఫోన్ చేశాడు. "సార్, బార్ జారిపోనాది. అన్నయ్య పడిపోనాడు."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"ఏటీ కాలేదు సార్. నడుం కింద నొప్పంతన్నాడు, కూర్చోలేకపోతన్నాడు."

సాయంత్రం వెళ్లి చూశాను. అన్నగారు దిండు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నారు. తమ్ముడి కోసం బార్ కొన్నది ఆయనే, సరదాగా ముందు వేలాడి చూసిందీ ఆయనే. బరువు 84 కిలోలు. రెండోసారి పైకి లాగేటప్పుడు ఎడమ చివర జారింది, ఆయన కూర్చున్నట్టే నేల మీద పడ్డారు. ఎముకకు ఏమీ కాలేదని మర్నాడు ఎక్స్‌రేలో తేలింది. పది రోజుల పాటు బైక్ మాత్రం ఎక్కలేకపోయారు.

బార్ తెప్పించి చూశాను. మధ్యలో తిప్పితే పొడవు పెరిగి, రెండు చివర్ల రబ్బరు బిళ్లలు గుమ్మం పక్క చెక్కలను నొక్కి పట్టే రకం. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే, ధర తక్కువ, మేకు కొట్టే పని లేదు. అట్టపెట్టె మీద 150 కిలోలని పెద్దక్షరాల్లో ఉంది. ఆ సంఖ్య ఇనుప గొట్టం గురించి. మీ గుమ్మం గురించి, దాని మీది పెయింట్ గురించి ఆ పెట్టెకేం తెలుసు?

ఇలాంటి బార్‌ని కింద నుంచి ఆపేది ఏదీ లేదు. దాన్ని నిలబెట్టేది రాపిడి ఒక్కటే. లెక్క వేసి చూడండి. 84 కిలోల మనిషి ఊపుతో లాగితే బరువు ఒకటిన్నర రెట్లు పడుతుందనుకుంటే 126 కిలోలు. ఒక్కో చివరకి 63. రబ్బరుకీ చెక్కకీ పట్టు బాగా ఉందనుకున్నా, ఆ 63 జారకుండా ఉండాలంటే బిళ్ల పక్క చెక్కను దాదాపు 126 కిలోల బలంతో నొక్కుతూ ఉండాలి. చెక్క నున్నగా ఉండి పట్టు తగ్గిందా, 190 దాకా కావాలి. చేత్తో తిప్పి అంత బిగించేవాళ్లు తక్కువ. బిగించినా ఆ బలమంతా గుమ్మాన్ని రెండు వైపులకూ విడదీయడానికి చూస్తుంది. ఆ ఇంట్లో జరిగింది అదే. ఫ్రేమ్‌కీ ప్లాస్టరింగ్‌కీ మధ్య వెంట్రుకంత పగులు కనిపించింది, పెయింట్ మీద రెండు నల్లటి గుండ్రాలు పడ్డాయి.

ఇంకో రెండు కారణాలు దొరికాయి. ఫ్రేమ్‌కి ఎనామెల్ పెయింట్ కొత్తగా వేశారు, అద్దంలా ఉంది. టేపు పెట్టి కొలిస్తే గుమ్మం వెడల్పు పైన 80 సెంటీమీటర్లు, నడుము ఎత్తున 81. అంటే పక్క చెక్కలు సరిగ్గా నిలువుగా లేవు, బిళ్ల ఒక అంచు మీదే ఆనింది. పైగా ఈ బార్లకు ఒక గుణం ఉంది. మనిషి ఊగినప్పుడల్లా చేతులు గొట్టాన్ని కాస్త మెలిపెడతాయి. ఆ మెలి మర బిగిసే వైపు పడితే మంచిదే, విప్పే వైపు పడితే ఒక్కో పులప్‌కీ ఒక వెంట్రుకవాసి వదులవుతూ వస్తుంది. ఇప్పటికే ఈ రకం కొనేసినవాళ్లకు ఒక చిట్కా: ఒకసారి చేశాక బిగింపు చూసుకోండి, వదులైతే బార్‌ని కుడి ఎడమలు మార్చి పెట్టండి. తాళం పడే రకమైతే ఈ బెడద తక్కువ, రాపిడి గొడవ మాత్రం అలాగే ఉంటుంది.

"పైన పటారం లోన లొటారం" అంది వదినగారు, బార్ మీది క్రోమియం మెరుపు చూసి. పాపం బార్ తప్పేమీ లేదు. సరైన గుమ్మానికి దాన్ని బిగిస్తే తేలికైన మనిషిని మోస్తుంది.

తర్వాత కుర్రాడు ఫోన్‌లో ఇంకో రకం చూపించాడు. గుమ్మం పైన వెనక వైపు పట్టీకి తగిలించి, ముందు వైపు గొట్టం పక్క చెక్కలకు ఆనుకునే రకం. నేను కొక్కెం బార్ అంటాను. వీడియోల్లో అందరూ వేలాడేది దీని మీదే, మరలు లేవు, మేకులు లేవు, తీసి మంచం కింద పెట్టేయొచ్చు. దాని లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది. మనిషి బరువు కిందికి లాగిన కొద్దీ బార్ వెనక భాగం గోడను ఇంకా గట్టిగా అదుముతుంది.

అయితే అది అమెరికా ఇళ్లను చూసి తయారైన వస్తువు. అక్కడ లోపలి గోడలు చెక్క చట్రానికి జిప్సం షీట్లు కొట్టినవి, మందం నాలుగున్నర అంగుళాలు. గుమ్మం చుట్టూ గోడ మీదికి పొడుచుకొచ్చే చెక్క పట్టీ ఉంటుంది, కొక్కెం కూర్చునేది దాని మీదే. మన ఇళ్లలో ఫ్రేమ్ గోడతో సమానంగా ఉంటుంది, ప్లాస్టరింగ్ ఫ్రేమ్ అంచు వరకూ వచ్చి ఆగుతుంది. తగిలించడానికి గట్టు ఏదీ? కొత్త అపార్ట్‌మెంట్లలో సందు కనబడకుండా పట్టీ వేస్తున్నారు, అది అందానికి అంటించినది. దాని మీద మనిషిని వేలాడదీస్తే పట్టీ, మనిషి కలిసే వస్తారు. ఇక గోడ మందం: నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిపితే ఐదున్నర నుంచి ఆరు. తొమ్మిదంగుళాల గోడైతే పది దాటుతుంది, కొక్కెం అటు వైపుకు చేరనే చేరదు. కుర్రాడి చేతికి టేపిచ్చి కొలవమన్నాను. కొలిచి, ఆర్డర్ పెట్టకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సొంత ఇల్లయితే నా ఓటు గోడకు బిగించే బార్‌కే. ఇక్కడ రెండు అడ్డంకులు. ఒకటి, లోపలి గోడలన్నీ నాలుగున్నర అంగుళాలవి. గోడ నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో మనిషి వేలాడితే, 25 సెంటీమీటర్ల ఎత్తున్న ప్లేటు పై బోల్టుల మీద బరువుకు రెండింతల లాగుడు పడుతుంది. 61 కిలోల కుర్రాడు ఊపుతో చేస్తే 180 కిలోలకు పైనే, అదీ గోడలోంచి బయటికి. కాంక్రీటు బీమ్‌కో, పిల్లర్‌కో 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు వేస్తే అది లెక్కలోకే రాదు. సన్న ఇటుక గోడ అలా కాదు. ఏఏసీ (తేలికపాటి సిమెంటు) బ్లాకుల గోడకు మామూలు యాంకర్లు అసలే వద్దు, ఆ బ్లాకు బిస్కెట్‌లా నలిగి బోల్టు ఊడొస్తుంది. కొత్తగా వస్తున్న మైవాన్ అపార్ట్‌మెంట్లలో గోడలన్నీ కాంక్రీటే కాబట్టి అక్కడివాళ్లు అదృష్టవంతులు, డ్రిల్లింగ్ చేసేవాడికే చెమటలు.

రెండో అడ్డంకి ఇంటి ఓనరమ్మ. పైఅంతస్తులో ఉంటారు. వెళ్లి విషయం చెప్పాను.

"గోడకు మొల గొడితె అడ్వాన్సుల పట్టుకుంట సారూ" అన్నారు వెంటనే. కాసేపు ఆలోచించి, "దర్వాజకు కొట్టుకోండ్రి. మద్ది కట్టె అది, మా ఆయన నిలబడి చేయించిండు. పోయేటప్పుడు బొందలు పూడ్చి పెయింట్ ఏసి పోవాలె" అన్నారు.

ఆ ఒక్క మాటతో కేసు తేలిపోయింది. నేలమీద నిలబెట్టే స్టాండు గురించి కూడా అన్నా వదినలు అడిగారు గానీ, అది నాలుగడుగుల చోటు తింటుంది. హాలులోనే నాలుగేళ్ల పాప సైకిల్ తొక్కుతుంది. చవక స్టాండ్లు ఊగుతాయి, ఊగనివి వాళ్ల బడ్జెట్‌కు అందవు.

గుమ్మం ఎంపికకు ఓ గంట పట్టింది. వీధి గుమ్మం వద్దని వదినగారు ముందే చెప్పేశారు, తోరణం కట్టే చోట వేలాడటమేమిటని. నాకూ వద్దు, 99 సెంటీమీటర్ల వెడల్పుకు గొట్టం ఎక్కువ వంగుతుంది. బాత్‌రూమ్ గుమ్మం గ్రానైట్ ది, స్క్రూ దిగదు. మిగిలింది చిన్న బెడ్‌రూమ్. చెక్కను మెటికలతో కొట్టి చూశాను, స్క్రూడ్రైవర్ మొనతో అడుగు భాగంలో పొడిచాను. చెదలు పట్టిన చెక్క అక్కడే మెత్తగా దొరికిపోతుంది. గట్టిగా ఉంది. తర్వాత ఫ్రేమ్‌ని రెండు చేతులతో పట్టి కుదిపాను. ఫ్రేమ్ గోడలో నిలిచేది పక్కకు మూడేసి హోల్డ్‌ఫాస్టుల (ఫ్రేమ్‌ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) మీద, వాటి చుట్టూ పోసిన కాంక్రీటు మీద. అవి వదులైతే కుదుపు చేతికి తెలుస్తుంది. మొదటి బార్ వల్ల వచ్చిన పగులు పైపైనే ఉంది, ఫ్రేమ్ కదల్లేదు.

ప్లాన్ ఏమిటంటే, రెండు పక్క చెక్కలకూ ఇనుప కప్పులు స్క్రూలతో బిగించి, వాటిలో జీఐ పైపు (నీళ్ల లైన్లకు వాడే ఇనుప గొట్టం) పెట్టడం. ఇక్కడ బరువు నేరుగా కిందికి, స్క్రూలను అడ్డంగా కోసినట్టు పడుతుంది. కప్పుకు నాలుగు స్క్రూలు. అన్నగారి 63 కిలోలనే తీసుకున్నా స్క్రూకు 16 కిలోలు. గుమ్మాన్ని విడదీసే బలం ఏమీ లేదు, ఎనామెల్ పెయింట్ నున్నగా ఉంటే ఉండనీ.

ప్లంబింగ్ షాపులో దొరికే ఫ్లాంజ్, అంటే పైపు చివరను పట్టి ఉంచే గుండ్రటి బిళ్ల, వాడదామనుకున్నాను. ఫ్రేమ్ లోతు నాలుగంగుళాలు, అందులో తలుపు కూర్చునే గాడికి ఒకటింపావు పోగా మిగిలేది రెండున్నర పైచిలుకు. ఫ్లాంజ్ మూడంగుళాలు దాటింది, బిగిస్తే తలుపు పడదు. చివరికి వెల్డింగ్ షాపులో 6 మిల్లీమీటర్ల పట్టీతో రెండంగుళాల వెడల్పున్న, పైన తెరిచి ఉండే కప్పులు రెండు చేయించాను. పైపు అంగుళం బోరు, నీలం గీత ఉన్నది. జీఐ పైపుల మీద పసుపు గీత ఉంటే పల్చన, నీలం మధ్యరకం, ఎరుపు మందం. నీలం గీత పైపు గోడ మందం 3.2 మిల్లీమీటర్లు, బయటి కొలత 33.7. ఈ వెడల్పుకు నేనెక్కినా మధ్యలో మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర వంగుతుందంతే.

కార్పెంటర్ నల్లటి జిప్సం స్క్రూలు తీశాడు. ఆపాను. అవి గట్టివే గానీ పెళుసు, అడ్డంగా బరువు పడితే వంగకుండా టప్పున విరుగుతాయి. జిప్సం షీట్లకు అవి, మనుషులకు కాదు. రెండంగుళాల మామూలు చెక్క స్క్రూలు తెప్పించాను. మద్ది చెక్కలో ముందు సన్న బిట్‌తో రంధ్రం వేయకపోతే స్క్రూ తల ఊడి చేతికొస్తుంది, అతనికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

ఎత్తు దగ్గర నేను పొరబడ్డాను. నేల నుంచి పై చెక్క అడుగు వరకు 204 సెంటీమీటర్లు. కాళ్లు తగలకూడదన్న ధ్యాసలో పడి, పై నుంచి 15 వదిలి 189 దగ్గర కప్పులు బిగించేయించాను. కుర్రాడు ఎక్కాడు. ఒకటో పులప్ గడ్డం బార్ దాటకముందే నెత్తి పై చెక్కకు కొట్టుకుంది. గడ్డం నుంచి నడినెత్తికి 22 సెంటీమీటర్లు ఉంటుందన్నది ఎన్ని వందల మందికి బీమ్ నేర్పించినా నాకు తట్టలేదు. మైదానంలో బీమ్ పైన ఆకాశమే కదా. మళ్లీ విప్పి, పై నుంచి 30 వదిలి 174 దగ్గర బిగించాం. ఓనరమ్మ గుమ్మానికి ఎనిమిది బొందలు అదనం. కాళ్ల సంగతి: మోకాళ్లు వెనక్కి మడిస్తే నేలకు పది సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి, చేతులు పూర్తిగా చాచి వేలాడటానికి అది చాలు. ఆరడుగుల వాళ్లకు ఇదే గుమ్మం ఇబ్బంది పెట్టేది.

మనిషి ఎక్కేముందు బస్తాలు ఎక్కాలి. బియ్యం బస్తాలు 25 కిలోలవి నాలుగు, తాడుతో కట్టి పది నిమిషాలు వదిలేశాం. కప్పుల అంచు వెంట పెన్సిల్‌తో గీత గీశాను. బస్తాలు దించాక గీత, అంచు తేడా లేకుండా ఉన్నాయి. తర్వాత 78 కిలోల నేను ఎక్కి కావాలనే ఊగాను. వారానికోసారి ఆ గీత చూడటం కుర్రాడి డ్యూటీ.

మొత్తం ఖర్చు పైపు, కప్పులు, కార్పెంటర్ కూలి కలిపి 1,150 రూపాయలు. మొదటి బార్ కన్నా రెండొందలు ఎక్కువ, ఎక్స్‌రే కన్నా ఎంత తక్కువో అన్నగారినే అడగాలి.

రెండో వారంలో వెళ్లేసరికి పైపుకు పాత చీర కట్టి పాప ఉయ్యాల ఊగుతోంది. వదినగారు నన్ను చూసి, "కాసేపే సార్, ఊరుకోవట్లేదు" అన్నారు. బరువు 15 కిలోలే, దిగులు బరువు గురించి కాదు. కప్పులు పైన తెరిచి ఉన్నాయి, ఉయ్యాల ఊపుకు పైపు దొర్లి పైకి లేచే వీలుంది. మర్నాడే కప్పుకు అడ్డంగా రంధ్రం వేయించి పిన్ను పెట్టించాను. పిల్లలున్న ఇంట్లో పులప్ బార్ అంటే ఉయ్యాల కూడా అని ఆ రోజు నుంచి ముందే రాసుకుంటున్నాను.

శిక్షణ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బెడ్‌రూమ్‌లోకి వెళ్లినప్పుడల్లా రెండు పులప్స్, రోజుకు పది పన్నెండుసార్లు. రాత్రి పడుకునే ముందు స్టూల్ ఎక్కి గడ్డం బార్ పైన పెట్టి, నెమ్మదిగా దిగడం మూడుసార్లు. ఆదివారం విశ్రాంతి. 4తో మొదలుపెట్టినవాడు ఐదో వారానికి 7, పదకొండో వారానికి 10 తీశాడు. మోచేతి లోపలి వైపు నొప్పి ఒకసారి వస్తే నాలుగు రోజులు ఆపించాను.

ర్యాలీలో 8 తీశాడు. 27 మార్కులు.

తిరిగొచ్చాక కూర్చోబెట్టి అడిగాను. "చేతుల్లో సత్తువుంది సార్, పట్టే నిలవలేదు. ఆ గొట్టం లావు సార్, వేళ్లు పూర్తిగా చుట్టుకోలేదు. తొమ్మిదోదానికి జారిపోనాది" అన్నాడు. మా పైపు 33.7. పదకొండు వారాలు అతని వేళ్లు ఆ లావుకే అలవాటు పడ్డాయి. గుమ్మం కొలిచాను, గోడ కొలిచాను, నెత్తి కూడా చివరికి కొలిచాను గానీ, ఎక్కాల్సిన గొట్టం ఎంత లావో పట్టించుకోలేదు. 17 ఏళ్లు అలాంటి గొట్టాలే పట్టుకున్న నాకు అది గుర్తు రాకపోవడానికి సాకు లేదు.

మెరిట్ లిస్టు ఇంకా రాలేదు. పైపు మాత్రం మార్చాం, ఒకటింపావు అంగుళం బోరు, బయటి కొలత 42.4. పాత కప్పులు దానికి పట్టలేదు, వెల్డింగ్ షాపుకు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. పాత పైపు వదినగారు బాల్కనీలో బట్టలారేయడానికి కట్టుకున్నారు.